షేక్స్పియర్, టాల్‌స్టాయ్, గోర్కీ: జపాన్ పాత సినిమాల్లో ఎక్కడెక్కడ, ఎలా?

#1 · చినుకు

పాత జపాన్ సినిమాల మీద ఇక్కడ ముక్కలు ముక్కలుగా చాలా చర్చ నడిచింది గానీ, ఒక్కచోట దొరకదు. అందుకే ఈ థ్రెడ్. పాశ్చాత్య సాహిత్యం నుంచి వచ్చినవాటిలో మూలం చదివాకే చూడాల్సినవేవి, చదవకపోయినా నష్టం లేనివేవి? డిస్కు అట్ట మీద "షేక్స్పియర్ ఆధారంగా" అని వేసేస్తారు కదా, అందులో నిజమెంత? ఏ ప్రింటు కొనాలి, టీవీలో ఏం సరిచూసుకోవాలి? "కురోసావా మహానుభావుడు" దగ్గర ఆగిపోకుండా కాస్త లోపలికెళ్ళి చెప్పండి ప్లీజ్.

#2 · పాతరీలు

దర్శకుడు అకిరా కురోసావా తీసిన త్రోన్ ఆఫ్ బ్లడ్ (1957)తో మొదలెట్టండి. 110 నిమిషాలే. దాని మూలం మెక్బెత్ కూడా షేక్స్పియర్ విషాద నాటకాలన్నిట్లోకీ చిన్నది. ముందు నాటకం ఒకసారి తిరగేయడం మంచిది. ఏం ఉంచాడన్నదాని కంటే ఏం పీకేసి ఆ జాగాలో ఏం పెట్టాడన్నదే ఇక్కడ అసలు సరుకు.

షేక్స్పియర్ కవిత్వం ఒక్క వాక్యం కూడా లేదు. స్వగతాలన్నీ పోయాయి. ముగ్గురు మంత్రగత్తెల బదులు పొగమంచు అడవిలో, పూరిపాకలో రాట్నం తిప్పుకునే ఒకే ఒక్క తెల్లటి ఆకారం. అది 'కురొజుకా' అనే నో నాటకం (ముసుగులతో ఆడే జపాన్ పాత నాటకం) నుంచి నడిచొచ్చింది.

హత్య సీను మీద కాసేపు ఆగండి. చంపడం మనకి కనబడదు, నాటకంలోనూ తెర వెనకే. అయితే నాటకంలో ఆ ఖాళీని లేడీ మెక్బెత్ మాటలు నింపుతాయి. ఇక్కడ మాటే ఉండదు. అంతకుముందు కాపలావాళ్ళకి మందు కలిపిన సాకే (బియ్యపు సారా) తేవడానికి అసాజి, అంటే ఇక్కడి లేడీ మెక్బెత్, చీకటి గుమ్మంలోకి వెళ్ళి మాయమైపోతుంది, కాసేపటికి కుండతో అదే చీకట్లోంచి తేలుతుంది. వినబడేదల్లా నేల మీద పట్టుబట్ట రాసుకునే చప్పుడు. ఇక్కడి మెక్బెత్ అయిన వషిజు బల్లెం పట్టుకుని వెళ్ళాక కూడా కెమెరా ఆమెని వదలదు. అతను తిరిగొచ్చేసరికి వేళ్ళు బల్లేనికి అతుక్కుపోయినట్టు బిగుసుకుని ఉంటాయి. ఆమే దాన్ని లాక్కుని, పడున్న కాపలావాడి చేతిలో పెట్టి, వచ్చి చేతులు కడుక్కుంటుంది. ఆ పట్టుచీర చప్పుడు టీవీ స్పీకర్లలో పోతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, లేకపోతే సీను సగం పోయినట్టే.

ఇంకోటి. అడవి నడిచి రావడానికి ముందు రాత్రి కోట లోపలికి పక్షులు గుంపులుగా దూసుకొస్తాయి. నాటకంలో ఇది లేదు. బయట శత్రువు చెట్లు నరుకుతున్నాడు, గూళ్ళు పోయిన పక్షులు కోటలో పడ్డాయి. అపశకునంలా కనబడుతుంది, కారణం మాత్రం పచ్చి నిజం. మూలం తెలిసినవాడికే ఈ కలపడం ఎంత తెలివైనదో అర్థమవుతుంది.

#3 · నలుపుతెలుపు

రీలు గారు చెప్పినదానికి చేర్పు. మొదటిసారి చూసేవాళ్ళు ఎక్కువగా ఫిర్యాదు చేసేది "వషిజుగా మిఫూనేది అతి నటన, అసాజి వేసినావిడేమో బొమ్మలా కూచుంది" అని. రెండూ కావాలని చేసినవే. నో నాటకంలో పాత్రకి ముందు ముసుగు ఖాయమవుతుంది. కురోసావా మిఫూనేకి 'హెయిదా' అనే వీరుడి ముసుగు, ఇసుజు యమదాకి 'షకుమి' అనే స్త్రీ ముసుగు చూపించి, ముఖాలు అలా ఉండాలన్నాడు. ఆమె మేకప్ కూడా దానికి తగ్గట్టే. ఆమె అడుగులు చూడండి, మడమ నేల విడవకుండా జరుగుతుంది. నో రంగస్థలం మీద నటులు నడిచే తీరే అది.

అతను ఎంత గింజుకుంటే ఆమె అంత కదలదు. గర్భం పోయాక మొదటిసారి ఆమె ముఖం చెదిరి, తొట్టి ముందు కూచుని పోని నెత్తురు కడుక్కుంటుంటే చూసేవాడికి గుండె ఝల్లుమనేది, అంతదాకా ఆ ముఖాన్ని అలా బిగించి ఉంచారు కాబట్టే.

#4 · గోదారిగట్టు

> "ఏం పీకేసి ఆ జాగాలో ఏం పెట్టాడన్నదే"

అయితే అన్నిటికంటే పెద్ద మార్పు ఎందుకు వదిలేశారు మాష్టారూ? వషిజు నాటకంలోలా మెక్‌డఫ్ చేతిలో చావడు. సొంత సైనికులే బాణాలేసి చంపుతారు. షేక్స్పియర్‌లో దుర్మార్గుడు పోయాక అసలు వారసుడు గద్దెనెక్కుతాడు, దేశం కుదుటపడుతుందన్న ఊరట మిగులుతుంది. ఇక్కడ నమ్మించి ముంచినవాణ్ణి నమ్మినవాళ్ళే ముంచారు. ఆ తర్వాత పొగమంచు, మొదట్లో విన్న కోరస్ మళ్ళీ, కోట ఉండిన చోట ఒక కొయ్య. ఇది మెక్బెత్ కథే అంటే ఒప్పుకుంటా, మెక్బెత్ లోకం అంటే ఒప్పుకోను.

ఆ బాణాలు చాలామటుకు నిజమైనవే, గురి తెలిసిన విలుకాళ్ళు మిఫూనే చుట్టూ ఉన్న చెక్కల్లోకి వేశారు. ముఖంలో కనబడే భయంలో నటన పాలెంతో ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

#5 · పాతరీలు

వదల్లేదు బాబూ, మీలాంటివాళ్ళు అడుగుతారని ఉంచాను 🙂 కోట గురించి ఒక ముక్క: ఫూజీ కొండవాలులో కట్టారు. అక్కడి అగ్నిపర్వతపు నల్ల మన్ను, అక్కడి మంచు రెండూ కావాలనే. తెలుపు-నలుపు ఫిల్ములో ఆ మన్ను సిరా ఒలికినట్టు పడింది.

#6 · తాటాకు

రాన్ (1985) సంగతికొస్తే వరస తిరగబడుతుంది. కురోసావా షేక్స్పియర్ కింగ్ లియర్ చదివి బయల్దేరలేదు. మోరి మొతొనారి అనే 16వ శతాబ్దపు సేనాని ముగ్గురు కొడుకులకి బాణాల నీతి చెప్పాడని జపాన్‌లో ఒక కథ. ఒక్క బాణం విరుగుతుంది, మూడు కలిపితే విరగవు. ఆ కొడుకులు మంచివాళ్ళు కాకపోతే? అన్న ప్రశ్న దగ్గర మొదలైంది, లియర్ తర్వాత వచ్చి కలిసింది. కూతుళ్ళు కొడుకులు కావడానికీ ఇదే కారణం. సినిమాలో చిన్నవాడు సబురో మూడు బాణాలూ మోకాలి మీద పెట్టి ఫట్‌మని విరిచేస్తాడు. నీతికథ అక్కడికక్కడే గంగలో కలిసింది.

మూలం చదివి చూస్తే తేలే తేడా మరొకటుంది. లియర్‌కి గతం లేదు. రాజు ముసలివాడు, మూర్ఖుడు, అంతే. సినిమాలో ముసలి రాజు హిదెతొరాకి గతం ఉంది. కోటలు తగలబెట్టాడు, కుటుంబాల్ని నరికించాడు, త్సురుమారు అనే పిల్లవాడి కళ్ళు పీకించి ప్రాణం మాత్రం వదిలాడు. నాటకంలో గ్లాస్టర్ కళ్ళు కథ మధ్యలో పోతాయి, ఇక్కడ కథ మొదలు కాకముందే పోయాయి, పోగొట్టింది రాజే. పెద్దకోడలు కయెదె పగ కూడా అక్కడిదే, ఆమె పుట్టింటివాళ్ళని చంపి ఆక్రమించిన కోటలోనే ఆమె కాపురం. నాటకంలో చెడ్డవాళ్ళు గోనెరిల్, రీగన్, ఎడ్మండ్ ముగ్గురి పనీ ఈమె ఒక్కతే చేస్తుంది. అందుకే రాన్‌లో హిదెతొరా మీద జాలి పడాలంటే ముందు అతని లెక్కలు తెలిసుండాలి. మొదటి గంటలో వచ్చే చిన్న చిన్న మాటలు వదిలేస్తే రెండో సగం ఉత్త యుద్ధంలా మిగులుతుంది.

మూడో కోట ముట్టడిలో కేకలు, గుర్రాలు, తుపాకులు అన్నీ నోళ్ళు మూసేసి తొరు తకెమిత్సు సంగీతం ఒక్కటే నడుస్తుంది. ఒక్క తూటా పేలుడుతో శబ్దాలన్నీ తిరిగొస్తాయి, ఆ తూటా పెద్దకొడుకు తారోని చంపింది. సౌండ్ పాడైందనుకుని రిమోట్ నొక్కకండి. తగలబడే కోట నిజంగా కట్టి నిజంగా తగలబెట్టారు, హిదెతొరా వేసిన నకదాయ్ మెట్లు దిగే షాట్ రెండోసారి తీసే వీలే లేదు.

#7 · సబ్‌టైటిల్_సుబ్బు

డిస్కుల గోల నా వంతు. పాయింట్లుగా కాకుండా వరసగా చెప్తా, ఎందుకంటే తప్పులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి.

బ్లూరేకి ప్రాంతపు తాళం ఉంటుంది. అమెరికా, జపాన్ 'ఎ'. బ్రిటన్ 'బి'. ఇండియా 'సి'. డాలస్‌లో చుట్టాలు పంపిన క్రైటీరియన్ (అమెరికా డిస్కుల కంపెనీ) బ్లూరే హైదరాబాద్‌లో కొన్న ప్లేయర్లో ఆడకపోతే డిస్కు పాడైందని కాదు. ప్లేయర్ అన్ని ప్రాంతాలకీ పనిచేసేదైనా ఉండాలి, లేదా 4కె యూహెచ్‌డీ కొనాలి, దానికి ఈ తాళం లేదు. అయితే 4కె పెట్టెలో రెండు డిస్కులుంటే రెండోది మామూలు బ్లూరే, దానికి తాళం ఉండొచ్చు.

పాత పాల్ (యూరప్, ఇండియా టీవీ పద్ధతి) డీవీడీలైతే 24 ఫ్రేముల సినిమాని సెకనుకి 25 చొప్పున పరిగెత్తిస్తాయి. 162 నిమిషాల రాన్ 155కే అయిపోతుంది. ఎవరో కోశారని గొడవ పడక్కర్లేదు, కోత లేదు. సంగీతం శ్రుతి మాత్రం కాస్త పైకి పోతుంది, తకెమిత్సు కోసం చూసేవాళ్ళు అది కొనొద్దు.

ఇక టీవీ. త్రోన్ ఆఫ్ బ్లడ్, ఇకిరు, రషోమన్ దాదాపు చదరపు తెర సినిమాలు. పక్కల నల్ల పట్టీలు వస్తాయి, రావాలి. సాగదీస్తే ముఖాలు మూడో వంతు వెడల్పెక్కుతాయి. జూమ్ చేస్తే పైనా కిందా కలిపి బొమ్మలో పావు వంతు పోతుంది, అసాజి నేల మీద కూచునే సీన్లలో పోయేది ఆమె మోకాళ్ళూ ఆ ఖాళీ నేలా, సీను ప్రాణమే అక్కడుంది. హై అండ్ లో దీనికి తిరగేసి, వెడల్పు తెర. దాన్ని టీవీ నిండా నింపితే ఈ చివరా ఆ చివరా కలిపి పావు వంతు పోతుంది. గదిలో పదిమంది పోలీసుల్ని చివరి నుంచి చివరి దాకా నిలబెట్టిన సినిమాకి అది ద్రోహం. కదలికని నున్నగా చేసే సెట్టింగ్ ఉంటే కట్టేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటే అదొక్కటి నొక్కితే చాలు.

త్రోన్ ఆఫ్ బ్లడ్ క్రైటీరియన్ డిస్కులో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రెండు రకాలున్నాయి, ఒకటి లిండా హోగ్లండ్‌ది, ఒకటి డొనాల్డ్ రిచీది. మొదటిసారి ఏదో ఒకటి పెట్టుకుని చివరిదాకా దానితోనే చూడండి, మధ్యలో మార్చకండి.

#8 · చినుకు

ఇది కదా కావాల్సింది! ఇకిరుకి టాల్‌స్టాయ్ కథతో ఉన్న సంబంధం ఎంతవరకు? రోగం ఒక్కటేనా?

#9 · తాటాకు

రోగం పైపై పోలిక. కట్టడం దగ్గర ఉంది అసలు సంబంధం.

ఇవాన్ ఇల్యిచ్ మరణం (1886) 12 అధ్యాయాలు. మొదటి అధ్యాయంలోనే మనిషి పోయాడన్న కబురు. తోటి ఉద్యోగులు విన్న వెంటనే ఆలోచించేది అతని కుర్చీ ఎవరికొస్తుంది, మనకి ప్రమోషన్ ఎంత దూరం అని. తర్వాత వెనక్కెళ్ళి జీవితమంతా చెప్తాడు. ఇకిరు (1952)లో ఆ మొదటి అధ్యాయాన్ని పీకి చివర పెట్టారు, పెట్టి సాగదీశారు. సినిమా ఇంకా మూడో వంతు మిగిలి ఉండగా, రోగం వచ్చిన ముసలి ఆఫీసరు వతనబె పోయాడని కథకుడి గొంతు ప్రకటిస్తుంది. మిగతాదంతా ఫోటో ముందు కూచుని ఆఫీసువాళ్ళు తాగుతూ, అతను మురుగ్గుంట పూడ్పించి కట్టించిన పార్కు ఘనత ఎవరిదో తేల్చుకోవడం. మురుగ్గుంట పూడ్చమని తిరిగి తిరిగి అలిసిపోయిన ఆడవాళ్ళు వచ్చి ఏడ్చి దండం పెట్టి పోతారు, అక్కడ డిప్యూటీ మేయరు ముఖం చూడాలి. తాగిన మత్తులో అందరూ మారతామని ఒట్లేస్తారు. తెల్లారితే అదే ఆఫీసు, అవే ఫైళ్ళు.

తేడా ఎక్కడంటే, ఇవాన్‌కి పని రక్ష కాదు. చివరి గంటల్లో లోపల వెలుగు కనబడుతుంది, అంతే. వతనబెకి మాత్రం రక్ష ఆ పనికిమాలిన ఆఫీసే, అదే కాగితం పట్టుకుని బల్లబల్లకీ తిరగడమే. టాల్‌స్టాయ్ దీనికి ఒప్పుకుని ఉండేవాడు కాదని నా గట్టి అనుమానం. ఇవాన్ కాళ్ళు భుజాన పెట్టుకుని కూచునే పనివాడు గెరాసిమ్ ఇక్కడ తొయో అనే ఆఫీసు పిల్లయ్యాడు. ఆమె కుందేలు బొమ్మ కీ ఇచ్చి బల్ల మీద వదిలాక అతను మెట్లు దిగి పరిగెత్తుతుంటే, వెనక ఎవరో పిల్లకి పుట్టినరోజు పాట మొదలవుతుంది. పాట ఆ పిల్లకి, అర్థం ఇతనికి.

టాల్‌స్టాయ్ ఒక్కడే కాడు. రాత్రంతా వతనబెని ఊరంతా తిప్పే నవలాకారుడు తనని మెఫిస్టోఫిలిస్ అనుకోమంటాడు, ప్రతిఫలం అడగని మంచి మెఫిస్టో అట. పక్కనే నల్లకుక్క కూడా ఉంటుంది, గోథే ఫౌస్ట్ చదివినవాళ్ళకి ఆ కుక్క తెలుసు.

#10 · గోదారిగట్టు

ఇకిరులో వతనబె ఉయ్యాల మీద పాడే పాట కూడా కలపండి. 'గొండొలా నో ఉతా' 1915 నాటి రంగస్థలం పాట. తుర్గేనెవ్ నవల ఆన్ ద ఈవ్‌ని జపాన్‌లో నాటకంగా ఆడినప్పుడు అందులో మత్సుయి సుమాకో పాడింది. టాల్‌స్టాయ్ కట్టడం మీద నడిచే సినిమాలో ముసలాయన నోట తుర్గేనెవ్ నాటకం పాట! అంతకు ఏడాది ముందు, 1914లో, అదే సుమాకో టాల్‌స్టాయ్ పునరుత్థానం నాటకంలో పాడిన కాత్యూషా పాట దేశమంతా మోగింది.

అంటే రష్యన్ సాహిత్యాన్ని జపాన్ సినిమాలోకి కురోసావా తేలేదు. ఆయనకంటే ముందే వచ్చి కూచుంది. 1921లో మినోరు మురాతా తీసిన మూకీ సోల్స్ ఆన్ ద రోడ్ గోర్కీ అధోజగత్తు (లోయర్ డెప్త్స్) నాటకాన్నీ, విల్‌హెల్మ్ ష్మిట్‌బాన్ అనే జర్మన్ రచయిత నాటకాన్నీ కలిపి అల్లింది. దాని వెనక ఉన్న కవొరు ఒసనాయ్ 1910లోనే గోర్కీని స్టేజీ ఎక్కించినవాడు. మనవాళ్ళలో విశాలాంధ్ర దుకాణంలో మాస్కో పుస్తకాలు కొని, క్రొవ్విడి లింగరాజు తెలుగులో గోర్కీ అమ్మ చదివినవాళ్ళకి ఈ ఆకలి కొత్తగా అనిపించదు.

కురోసావా లోయర్ డెప్త్స్ (1957) మూలం పక్కన పెట్టుకుని చూడదగ్గది, అంత దగ్గరగా ఉంటుంది. రష్యా సత్రం 'ఎదో' కాలపు (17-19 శతాబ్దాల జపాన్) పూరికొంపయింది, దాదాపు అంతే మార్పు. 1936లో ఫ్రెంచి దర్శకుడు రెన్వార్ అదే నాటకం మీద తీసినదాన్ని దీని పక్కన వేయండి. రెన్వార్ దొంగనీ పిల్లనీ రోడ్డెక్కించి పంపేస్తాడు. కురోసావా ఎవర్నీ బయటికి పంపడు. మొదటి షాట్లోనే పైనున్నవాళ్ళు చెత్త తెచ్చి ఆ గుంటలో పోసిపోతారు, కింద మనుషులుంటున్నారని తెలీదు. నేపథ్య సంగీతం దాదాపు లేదు, ఉన్నది వాళ్ళే నోటితో, గిన్నెలతో వాయించుకునేది.

#11 · నలుపుతెలుపు

రషోమన్ (1950) పాశ్చాత్య మూలం లేనిదని చాలామంది లెక్క. కథ జపాన్ రచయిత అకుతగావాది, 1922 నాటి 'పొదలో'. ఒక హత్య మీద ఏడు వాంగ్మూలాలు, చివరిది చచ్చినవాడి ఆత్మది, పూనకం వచ్చిన మనిషి నోట. ఇప్పుడు అమెరికన్ రచయిత ఆంబ్రోస్ బియర్స్ 1907 కథ ద మూన్‌లిట్ రోడ్ తెరవండి. కొడుకు మాట, హంతకుడి మాట, చచ్చిన భార్య మాట, ఆమెదీ పూనకం నోటే. అకుతగావా టోక్యోలో ఇంగ్లిష్ సాహిత్యం చదివినవాడు, బియర్స్‌ని జపాన్‌కి పరిచయం చేసినవాడు. ఇంగ్లిష్ కవి బ్రౌనింగ్ ద రింగ్ అండ్ ద బుక్ కూడా చెప్తారు, 12 భాగాల పద్యకావ్యం, రోమ్‌లో 1698 నాటి హత్య. సినిమా కోసం అది చదవక్కర్లేదు. బియర్స్ కథ చదవండి, అరగంట పని.

కట్టెలు కొట్టేవాడు చూసిన నాలుగో కథనం, చివర్లో పసిబిడ్డ, రెండూ సినిమాలో చేర్చినవి. అకుతగావా దగ్గర ఆ ఓదార్పు లేదు. బిడ్డ అతికించినట్టు ఉందని విమర్శ, నేనూ ఆ పక్షమే.

ఇంకో దర్శకుడు మిజోగుచి తీసిన ఉగెత్సు (1953)ని ఎవరూ తలవలేదేం? 18వ శతాబ్దపు అకినారి దెయ్యం కథలు రెండు, మపాసా కథ ఒకటి. మపాసాది పతకం పిచ్చి పట్టిన మొగుడి కథ. పతకం ఇప్పిస్తానన్నవాడు ఇతన్ని ఊళ్ళు తిప్పి, ఇంట్లో పెళ్ళాంతో ఉంటాడు, చివరికి పతకమూ వస్తుంది. నవ్వించే కథ. మిజోగుచి దాన్ని సమురాయ్ కావాలని పరిగెత్తే తొబెయికి పెట్టాడు. గెలిచి, గుర్రమెక్కి, మందీమార్బలంతో వేశ్యావాటికలో దిగితే అక్కడ తన భార్యే. పతకం వెల ఎవరు కట్టారన్న లెక్క ఒకటే, నవ్వు పోయింది.

#12 · చినుకు

బ్యాడ్ స్లీప్ వెల్ (1960) హామ్లెట్ అంటారు. నిజమేనా?

#13 · పాతరీలు

సగం. తండ్రి చావుకి పగ, పగవాడి ఇంట్లో అల్లుడిగా చేరడం, అమాయకపు పెళ్ళికూతురు, ఆమె అన్న. పోలికలు దొరుకుతాయి. దెయ్యం కూడా ఉంది, కాకపోతే తయారుచేసిన దెయ్యం. చచ్చాడని లోకం నమ్మిన వాదా అనే గుమాస్తాని రాత్రి వీధి దీపం కింద నిలబెట్టి, తోటి అధికారికి పిచ్చెక్కిస్తారు. నాటకంలో నాటకం బదులు పెళ్ళి కేకు. ఆఫీసు భవనం ఆకారంలో కేకు తోసుకొస్తారు, ఒక కిటికీలో గులాబీ గుచ్చి ఉంటుంది, మనిషి దూకి చచ్చిన కిటికీ అది. ఆ పెళ్ళి సీను ఒక్కదానికే సినిమా చూడొచ్చు. విలేకరులు గోడవార నిలబడి మనకి ఎవరెవరో చెప్పేస్తుంటారు.

#14 · గోదారిగట్టు

సగం కూడా కాదు. హామ్లెట్ ఆలోచించి ఆగిపోతాడు, ఇక్కడి హీరో నిషికి ఆ సందేహమే లేదు. అతన్ని ఆపేది భార్య మీద పుట్టిన ప్రేమ. హామ్లెట్ అనుకుని చూస్తే ప్రతి పాత్రకీ జోడీ వెతుక్కుంటూ కూచుంటారు, ప్రభుత్వ సంస్థల్లో లంచం ఎలా నడుస్తుందన్న అసలు కథ జారిపోతుంది. చదవకుండా చూడాల్సిన జాబితాలో దీన్ని వేయండి.

#15 · సబ్‌టైటిల్_సుబ్బు

అదే జాబితాలో హై అండ్ లో (1963). ఎడ్ మెక్‌బెయిన్ డిటెక్టివ్ నవల కింగ్స్ రాన్సమ్ (1959) నుంచి తీసుకున్నది మూల సమస్య ఒక్కటే: ఎత్తుకుపోయింది యజమాని కొడుకుని కాదు, డ్రైవర్ కొడుకుని, అయినా డబ్బు నువ్వే కట్టు. నవలలో యజమాని కింగ్ కట్టనంటాడు. సినిమాలో యజమాని గొందో కడతాడు, కట్టి ఆస్తంతా పోగొట్టుకుంటాడు. అక్కణ్ణుంచి సినిమా నవల పట్టాలు దిగిపోయింది.

రైలు సీనులో కొలత గమనించండి. 3 కోట్ల యెన్లు, సంచి మందం 7 సెంటీమీటర్లు దాటకూడదని ఆర్డరు. ఎందుకో పోలీసులకి అర్థం కాదు. కొదామా ఎక్స్‌ప్రెస్‌లో కిటికీలు తెరుచుకోవు కదా, ఎక్కడ విసరమంటాడు? బాత్రూం కిటికీ మాత్రం 7 సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. నిజం రైల్లో, పరిగెత్తుతుండగా, చాలా కెమెరాలతో ఒక్క ఊపులో తీశారు. అంతదాకా గంటసేపు ఒకే గదిలో కూచోబెట్టిన విసుగంతా ఆ రైలుకి పెట్టుబడి. "మొదటి గంట స్లో" అని దాటించేవాళ్ళకి రైలు ఉత్త రైలే.

#16 · చినుకు

చివరిగా దొస్తొయెవ్‌స్కీ. ఇడియట్ (1951) మొదలెట్టినవాళ్ళు మధ్యలో వదిలేశామంటున్నారు. ఎక్కడ చిక్కు?

#17 · తాటాకు

చిక్కు కోతలో. కురోసావా తీసింది 265 నిమిషాలు. స్టూడియో కోయమంది, చివరికి బయటికొచ్చింది 166. అంత కోయాలంటే ఫిల్ముని నిలువునా కోయండని కురోసావా మండిపడ్డాడట. పోయిన భాగం ఇంతవరకు దొరకలేదు, ఏ డిస్కు కొన్నా ఇదే 166. మొదట్లో పొడుగాటి అక్షరాల అట్టలు వచ్చేది ఆ కంతలు పూడ్చడానికే, అవి చదివేలోపు మనుషులు కలిసిపోయి ఎవరెవరో తెలీకుండా పోతారు.

అందుకని దీనికి మాత్రం నవల ముందు. మొత్తం అక్కర్లేదు, నాలుగు భాగాల్లో మొదటిది చాలు. నస్తాస్యా నోట్ల కట్ట నిప్పుల్లో పడేసే చోటుతో ఆ భాగం ముగుస్తుంది, సినిమాలో మొదటి పెద్ద ఘట్టమూ అదే. పేర్లు ఇలా పెట్టుకోండి: మిష్కిన్ కమెదా, రొగోజిన్ అకామా (మిఫూనే), నస్తాస్యా తయెకో (సెత్సుకో హారా), అగ్లాయా అయాకో. దర్శకుడు ఓజు సినిమాల్లో చల్లగా నవ్వే సెత్సుకో హారా ఇక్కడ నల్లటి అంగీలో కనబడితే గుర్తుపట్టడానికి నిమిషం పడుతుంది.

మార్పుల్లో ఒక్కటి మనసులో ఉంచుకుంటే చాలు. నవలలో మరణశిక్ష అంచు దాకా వెళ్ళి బతికినవాడి కథ మిష్కిన్ ఇంకొకరిదిగా చెప్తాడు. అది 1849లో దొస్తొయెవ్‌స్కీకే జరిగింది. కురోసావా దాన్ని తెచ్చి కమెదాకే పెట్టాడు, యుద్ధ నేరస్థుడని పొరపాటున శిక్ష పడి చివరి క్షణంలో తప్పినవాడు. స్విట్జర్లాండ్ ఆసుపత్రి ఒకినావా అయింది. పీటర్స్‌బర్గ్ వెళ్ళే రైలు బదులు హొక్కయిదో వెళ్ళే ఓడ, అందులో అర్ధరాత్రి అతని కేకతో సినిమా మొదలు. ఆ కేక దేనికో తెలిసి కూచుంటే మిగతా 160 నిమిషాల్లో దారి తప్పరు.